బ్యాగు ఎక్కడ పెట్టింది

మా పిచ్చుక తీసిన సినిమా మొత్తం ఎనిమిది నిమిషాలు. అందులో నా వీపు నలభై సెకన్లు ఉంటుంది.

పిచ్చుక నా కూతురి కూతురు. పుట్టినప్పుడు పిడికెడు ఉండేది, అందుకని ఆ పేరు పెట్టాను. ఇప్పుడు ఇరవై రెండేళ్ళు. నా తల దాని భుజం దగ్గరికి వస్తుంది, అయినా పేరు మాత్రం అదే. సినిమా కాలేజీలో ఆఖరి సంవత్సరం చదువుతోంది. వాళ్ళకి ఆఖరి పరీక్ష అంటే కాగితం మీద రాసేది కాదు, ఒక చిన్న సినిమా తీసి చూపించాలి. కెమెరా కాలేజీది. సోమవారం పొద్దున్న తొమ్మిదింటికల్లా తిరిగి ఇచ్చెయ్యాలి.

అది ఎంచుకున్న కథ మా ఇంటి కథే. ఒక తల్లి నాలుగేళ్ళ కూతుర్ని వదిలి, తెల్లవారుజామున పని కోసం వేరే ఊరికి బయల్దేరుతుంది. పిల్ల నిద్రలో ఉంటుంది. తల్లి వంగి పిల్ల జుట్టు నిమిరి వెళ్ళిపోతుంది. ఆ పిల్ల పిచ్చుక. ఆ తల్లి నా కూతురు. అలా వెళ్ళి ఒక బట్టల మిల్లులో చేరింది. ఇల్లు దొరకగానే పిల్లను తీసుకెళ్తానని నెలనెలా ఉత్తరం రాసేది. పదమూడు నెలలకు అక్కడి ఆసుపత్రిలోనే పోయింది.

చిన్నప్పుడు పిచ్చుకను నిద్రపుచ్చాలంటే నాకు వేరే కథలేవీ అక్కర్లేకపోయేది. "అమ్మ వెళ్ళిన రోజు చెప్పు" అనేది. చెప్పేదాన్ని.

"బయట వాన. మీ అమ్మ నీలం స్వెటర్ వేసుకుంది, దానికి మూడో గుండీ లేదు. కుడిచేతిలో బ్యాగు, ఎడమచేతిలో గొడుగు. నీ మంచం దగ్గరికి వచ్చింది. వంగి నీ జుట్టు నిమిరింది. అప్పుడు వెళ్ళింది."

"ఎటు నుంచి ఎటు నిమిరింది?"

"నుదుటి నుంచి వెనక్కి."

తన చేత్తో తనే నుదుటి నుంచి వెనక్కి ఒకసారి నిమురుకుని, గోడవైపు తిరిగి పడుకునేది.

అందులో వాన నిజం. స్వెటర్ నిజం, లేని గుండీ నిజం, బ్యాగూ గొడుగూ నిజం. జుట్టు నిమరడం ఒక్కటీ నేను కలిపింది.

కలిపినప్పుడు అది పెద్ద తప్పనిపించలేదు. పిల్ల రోజూ గుమ్మం వైపు చూస్తూ కూర్చుంటే ఏదో ఒకటి చేతిలో పెట్టాలి కదా, అని పెట్టాను. దాన్ని అది పద్దెనిమిదేళ్ళు పదిలంగా దాచుకుని, చివరికి దానిమీద సినిమా కట్టుకుంటుందని నాకేం తెలుసు.

నాకు మొదట్నుంచీ ఎవరైనా గుమ్మం దాటుతున్నారంటే గుండెల్లో దడ. వెళ్ళేవాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా తలుపు వెయ్యను. ఏం వేసుకున్నారు, ఏ చేతిలో ఏముంది, చెప్పుల పట్టీ పెట్టుకున్నారా లేదా, అన్నీ చూసుకుంటాను. ఒకవేళ మళ్ళీ కనిపించకపోతే ఆఖరుసారి ఎలా ఉన్నారో చెప్పడానికి ఒకరైనా ఉండాలి కదా అని. "నువ్వు మనుషుల్ని సాగనంపుతున్నావా, పంచనామా రాస్తున్నావా?" అని పిచ్చుక ఎగతాళి చేస్తుంది.

ఆ జబ్బే నాకు ఉద్యోగం తెచ్చిపెట్టింది.

రెండు వారాల కిందట వంటింటి సీను తీశారు. తల్లి టీ తాగే సీను. ఒక షాట్‌లో కప్పు సగం ఖాళీ, తర్వాతి షాట్‌లో నిండుగా ఉంది, ఆ తర్వాత మళ్ళీ సగం. అది చూసి వాళ్ళ ఎడిటింగ్ మాస్టారు, "ఈ కప్పు అడుగున ఊట ఉన్నట్టుందే" అన్నారట. క్లాసంతా నవ్విందట. అవి కనిపెట్టి రాసుకోవాల్సిన అమ్మాయి కాలు బెణికి ఇంట్లో కూర్చుందట. పిచ్చుక ఇంటికొచ్చి చెప్పులు విసిరేసి కూర్చుంది.

"సినిమా వరసగా తియ్యరు అమ్మమ్మా. ముందు జరిగేది తర్వాత తీస్తాం, తర్వాత జరిగేది ముందు తీస్తాం. అన్నీ అతికించాక ఒకటే గుక్కలో జరిగినట్టు ఉండాలి. అదే కంటిన్యూటీ."

"అచ్చు కాగితం లాగానా?" అన్నాను.

నేను ముప్ఫై ఒక్క ఏళ్ళు పుస్తకాల బైండింగులో పనిచేశాను. అచ్చు నుంచి వచ్చే పెద్ద కాగితం మీద ఒకటో పేజీ పక్కన పదహారో పేజీ ఉంటుంది, నెత్తిమీద ఎనిమిదో పేజీ తలకిందులుగా ఉంటుంది. చూస్తే పిచ్చివాడి సంచిలా ఉంటుంది. మడత పెడితే వరస దానంతటదే వస్తుంది. మడిచిన పదహారు పేజీల కట్టను ఫారం అంటాం. ఒక ఫారం చివరి మాట, తర్వాతి ఫారం మొదటి మాట అతుకుతున్నాయా లేదా చూసి ఒకదానిమీద ఒకటి పేర్చాలి. నేను బడికి పోలేదు. అలా చివరి మాటా మొదటి మాటా కలుపుకుంటూనే చదవడం నేర్చుకున్నాను. నేను చదివిన మొదటి నవల పదిహేడో పేజీ దగ్గర మొదలై ముప్ఫై రెండో పేజీలో అయిపోయింది. అందులో ఎవరు ఎవర్ని వదిలి వెళ్ళారో ఇప్పటికీ నాకు తెలీదు.

ఇదంతా విని పిచ్చుక నావైపు కొత్త మనిషిని చూసినట్టు చూసింది. మర్నాడు ఒక గీతల నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టింది. "సీను, షాటు, టేకు, ఏ చేతిలో ఏముంది. ఈ నాలుగూ రాస్తే చాలు. జీతం లేదు, టీ మాత్రం ఇస్తాం."

"టీ పెట్టేది కూడా నేనే కదే."

"అందుకే ఇస్తామంటున్నా."

నిమరడం సీను ఆదివారానికి పెట్టుకున్నారు. ఆ వారమంతా నాకు తిండి సయించలేదు. ఆ షాటు తీస్తే నా అబద్ధం ఇక నా నోట్లో ఉండదు, తెర మీదికి ఎక్కుతుంది. మాస్టారు చూస్తారు, క్లాసు చూస్తుంది. పిచ్చుక ముసలిదయ్యేదాకా దాన్నే చూసుకుంటుంది. పోనీ చెప్పేద్దామంటే, అది పద్దెనిమిదేళ్ళుగా తలకింద పెట్టుకుని పడుకున్న దిండు లాగేసినట్టే. సినిమా కూడా పోతుంది. ఎటు తిరిగినా గోడే.

ఆదివారం పొద్దున్నే ఇద్దరు వచ్చారు. ఒకరు తల్లి వేషం వేసే పొడుగమ్మాయి. ఇంకొకరు సౌండు చూసే కుర్రాడు, అతన్ని అందరూ గడ్డం అంటారు. అసలు పేరు అడిగితే అతనే ఒక క్షణం ఆలోచించాడు. కిటికీకి నీలం గుడ్డ కట్టి పట్టపగలును తెల్లవారుజాము చేశారు. మొక్కలకు నీళ్ళు పట్టే గొట్టానికి చిల్లులు పొడిచి చూరుకు కట్టారు. కొళాయి తిప్పితే వాన. పక్కింటి నర్సు తన పాపను తీసుకొచ్చింది. దానికి నాలుగేళ్ళు, మధ్యాహ్నం భోజనం కాగానే ఒళ్ళు తెలియకుండా పడుకుంటుంది. దానికి నటన అక్కర్లేదు. ఆ నర్సు కూడా రాత్రి డ్యూటీ చేసి వచ్చింది, కుర్చీలో కూర్చుని పాపకంటే ముందే నిద్రపోయింది.

పిచ్చుక బ్యాగులో పుస్తకాలు కూరింది. ఎత్తి చూశాను.

"ఇంత బరువుండదు. నాలుగు తీసెయ్" అన్నాను.

"ఊరు వదిలి పోతున్న మనిషి బ్యాగు కదా?"

"అయినా సరే. తీసెయ్."

తీసేసింది. ఎందుకని అడగలేదు.

ముందు కెమెరాను వంటింటి గుమ్మంలో పెట్టింది. "నువ్వప్పుడు వంటింట్లో ఉన్నానన్నావు. మొదటి షాటు నువ్వు చూసినట్టే ఉంటుంది. ఇక్కణ్ణుంచి అమ్మ లోపలికి వెళ్ళడం, వంగడం. తర్వాత దగ్గర్నుంచి చెయ్యి మాత్రం." అని కెమెరాలో చూసింది. మూడుకాళ్ళ స్టాండును కొంచెం ఎడమకు జరిపింది. ఇంకొంచెం జరిపింది. తల పైకెత్తింది.

"అమ్మమ్మా, ఇక్కణ్ణుంచి మంచం కనిపించదే."

"కనిపించదా?"

"గది గుమ్మం వరకే కనిపిస్తోంది. మంచం గోడ చాటున ఉంది. మంచం అక్కడే ఉండేది కదా? పాత ఫోటోలో కూడా కిటికీ కిందే ఉంది."

"నేను వంటింట్లోంచి ఇవతలికి వచ్చి ఉంటాను."

"ఎంత ఇవతలికి?"

"అడుగులు కొలుచుకున్నానా ఏమిటి అప్పుడు."

ఒప్పుకుంది. కెమెరాను హాల్లోకి మార్చింది. పొడుగమ్మాయి నీలం స్వెటర్ వేసుకుని, కుడిచేత్తో బ్యాగు, ఎడమచేత్తో గొడుగు పట్టుకుని నడిచి చూసింది. గుమ్మం దాటింది, మంచం దగ్గర ఆగింది, తన చేతులు తనే చూసుకుంది.

"డైరెక్టర్‌గారూ, చిన్న సందేహం. రెండు చేతులూ నిండుగా ఉన్నాయి. పాప జుట్టు దేంతో నిమరమంటారు, ముక్కుతోనా?"

గడ్డం నవ్వాడు. పిచ్చుక కూడా నవ్వి, నావైపు తిరిగింది.

"అవును అమ్మమ్మా. బ్యాగు ఎక్కడ పెట్టింది?"

నా పెన్ను కాగితం మీద ఆగిపోయింది.

"ఏదో... మంచం పక్కన పెట్టి ఉంటుంది."

"కింద పెడితే చప్పుడవుతుంది" అన్నాడు గడ్డం. "చెక్క నేల, బ్యాగు అడుగున ఇనప బుడిపెలున్నాయి. ఆ చప్పుడు నాకు కావాలి. ఆ చప్పుడుకి పాప ఎందుకు లేవలేదో కూడా కావాలి."

"గుర్తు తెచ్చుకుని చెప్పు, అమ్మమ్మా" అంది పిచ్చుక. "పెద్ద షాట్‌లో చేతిలో బ్యాగు ఉంది. దగ్గరి షాట్‌లో చెయ్యి ఖాళీ. మధ్యలో పెట్టడం చూపించకపోతే మాస్టారు నన్ను ఉతికి ఆరేస్తారు. నువ్వు కూడా ఇన్నేళ్ళూ ఎప్పుడూ పెట్టిందని చెప్పలేదు. కుడిచేతిలో బ్యాగు, ఎడమచేతిలో గొడుగు, మంచం దగ్గరికి వచ్చింది, నిమిరింది. ప్రతిసారీ ఇవే మాటలు. ఒక్క అక్షరం మార్చలేదు."

మార్చలేదు. చూసింది చూసినట్టే ఉంచాను, దాని మధ్యలోకి చూడనిదాన్ని తోశాను. ఎక్కణ్ణుంచో తెచ్చిన ఫారం ఒకటి మంచి పుస్తకంలో పెట్టి కుట్టేస్తే ఎలా ఉంటుంది? పైనుంచి చూస్తే తెలీదు. చదువుకుంటూ వచ్చేవాళ్ళకు చివరి మాట అతకదు. నేను బ్యాగు మంచం మీద పెట్టిందని అనొచ్చు, గొడుగు చంకలో పెట్టుకుందని అనొచ్చు. ఒక్క మాటతో సర్దుకుపోయేది. అందరూ నా మొహం చూస్తూ నా మాట కోసం ఆగారు. పాప కళ్ళు నులుముకుంటోంది, ఇంకో పావుగంటలో నిద్రపోతుంది.

"పిచ్చుకా, ఒకసారి వంటింట్లోకి రా" అన్నాను.

వచ్చింది. తలుపు దగ్గరగా వేశాను. స్టవ్వు కట్టేసే ఉంది, అయినా ఒకసారి తిప్పి చూశాను.

"బ్యాగు పెట్టలేదే" అన్నాను. "ఎక్కడా పెట్టలేదు."

"మరి?"

"లోపలికి రాలేదు."

అది నావైపు చూస్తూనే ఉంది. వాక్యం ఇంకా పూర్తి కాలేదనుకుందో ఏమో.

"నేను రానివ్వలేదు. గుమ్మంలో నిలబడ్డాను. పిల్ల లేస్తుంది, లేస్తే ఏడుస్తుంది, నీకు బస్సు పోతుంది అన్నాను. అది ఒకసారి చూస్తానంది. వద్దన్నాను."

"ఏడుస్తాననా?"

అక్కడితో ఆపెయ్యొచ్చు. అవునంటే సరిపోయేది.

"నువ్వు లేచి అమ్మా అంటే, నిన్ను కూడా తీసుకెళ్ళిపోతుందని. ముందురోజు సాయంత్రం నీ గౌన్లు రెండు ఆ బ్యాగులో సర్దింది. ఎక్కడుంటావో తెలీదు, ఏం తింటావో తెలీదు, పిల్లనెలా తీసుకెళ్తావని పోట్లాడాను. అది పడుకున్నాక గౌన్లు తీసి మళ్ళీ బీరువాలో పెట్టేశాను. పొద్దున్న బ్యాగు ఎత్తగానే దానికి తెలిసే ఉంటుంది, తేలికైందని. ఏమీ అనలేదు. నా భుజం మీదుగా మంచం వైపు చూసింది. ఎంతసేపో చూసింది. నేను జరగలేదు. వెళ్తున్నా అంది. వెళ్ళొస్తా అనమని కూడా అనలేదు నేను, అది వెళ్ళిపోతే చాలనుకున్నాను. ఇల్లు చూసుకుని, నెలకో రెణ్ణెల్లకో వచ్చి తీసుకెళ్తుంది కదా, ఈలోపు నా దగ్గరుంటావనుకున్నాను."

పిచ్చుక చెయ్యి ఒకసారి తన నుదుటి దాకా వెళ్ళింది. మధ్యలోనే దించేసుకుంది.

"పద్దెనిమిదేళ్ళు" అంది.

"అవును."

"రోజూ చెప్పావు."

"అవునే."

అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది. అది తలుపు వైపు తిరిగింది. తర్వాత షాట్ల గురించి అడిగే గొంతుతోనే అడిగింది.

"నువ్వు సరిగ్గా ఎక్కడ నిలబడ్డావు?"

"గది గుమ్మంలో."

"ఎటు తిరిగి?"

"మీ అమ్మ వైపు."

"చేతులు?"

"రెండు పక్కలా, ద్వారబంధం పట్టుకుని."

"అయితే కెమెరా హాల్లో ఉండకూడదు. గదిలో ఉండాలి, మంచం పక్కన. నేనున్న చోట." కళ్ళు తుడుచుకోలేదు, తుడుచుకోవాల్సినంత తడి కూడా లేదు, ఎర్రగా మాత్రం ఉన్నాయి. "అక్కణ్ణుంచి చూస్తే నీ వీపు కనిపిస్తుంది. నీ భుజం మీదుగా అమ్మ కనిపిస్తుంది. నువ్వే నిలబడాలి. ఇప్పుడు ఎవర్ని వెతికి తెస్తాను."

"నేనా? నేనప్పుడు ఇంత వంగి లేనే."

"వీపుకి వయసేం తెలుస్తుంది. ఆ బూడిదరంగు స్వెటర్ వేసుకో. జుట్టు గుడ్డ కట్టి కప్పెయ్." తలుపు తీసింది. మళ్ళీ ఆగి, నావైపు చూడకుండా అంది, "వాళ్ళకేం చెప్పకు. సీను మార్చానని నేను చెప్తా."

అలాగే చెప్పింది. అమ్మమ్మ అడ్డంగా నిలబడుతుంది, నువ్వు వచ్చి ఆగు, అమ్మమ్మ భుజం మీదుగా మంచం వైపు చూడు, ఆమె జరగదు, వెనక్కి తిరిగి వెళ్ళిపో. పొడుగమ్మాయి తలూపింది. "పోనీలే, ముక్కు బతికింది" అంది. ఎవరూ నవ్వకపోయేసరికి ఏదో జరిగిందని ఆ అమ్మాయికి అర్థమైంది, ఏమిటని అడగలేదు.

పాప నిద్రపోయింది. నోరు కొంచెం తెరుచుకుని, ఒక కాలు దుప్పటి బయట పెట్టి పడుకుంది. పిచ్చుక మంచం పక్కన నేలమీద కూర్చుని, కెమెరాను మంచమంత ఎత్తులో పెట్టుకుంది. గడ్డం బయట కొళాయి తిప్పి వచ్చాడు. చూరు నుంచి చినుకులు మొదలయ్యాయి. నేను గుమ్మంలోకి వెళ్ళి ద్వారబంధం రెండు పక్కలా పట్టుకున్నాను. చెక్క అదే. నున్నగా, చల్లగా ఉంది.

నీలం స్వెటర్ హాలు దాటి నావైపు వచ్చింది. మూడో గుండీ లేదు, పొద్దున్న నేనే కత్తిరించాను. కుడిచేతిలో బ్యాగు, ఎడమచేతిలో గొడుగు. నా ఎదురుగా ఆగింది. ఆ పొడుగమ్మాయి మొహంలో నా కూతురి పోలిక ఒక్కటీ లేదు. అయినా నా చేతులు ద్వారబంధం మీంచి జారిపోయాయి. పక్కకు జరిగాను.

ఆ అమ్మాయి తికమకపడి కెమెరా వైపు చూసింది.

"కట్" అంది పిచ్చుక. "అమ్మమ్మా, నువ్వు జరగవు."

"జరగను."

"అప్పుడు జరగలేదు కదా."

"లేదు."

"అయితే ఇప్పుడూ జరగకు." పొడుగమ్మాయితో అంది, "నువ్వు కెమెరాను చూడకు. ఏమైనా సరే, నేను కట్ అనేదాకా ఆపకుండా చేస్తూ ఉండు."

రెండో టేకు. గట్టిగానే పట్టుకున్నాను, వేళ్ళు నొప్పి పుట్టేలా. ఆ అమ్మాయి వచ్చింది, ఆగింది, నా భుజం మీదుగా లోపలికి చూసింది. అప్పుడు నా కూతురు కూడా ఇలాగే చూసింది. ఒక్క అడుగు. నేను వెయ్యాల్సింది ఒక్క అడుగు పక్కకి. నా కాళ్ళు నన్నడక్కుండానే వేశాయి.

ఆ అమ్మాయి ఆగలేదు. దారి కనిపించేసరికి, పొద్దున్న నేర్చుకున్న సీను గుర్తొచ్చిందేమో, నా పక్కనుంచి లోపలికి వచ్చేసింది. గుమ్మం దాటగానే కుడిపక్క బ్యాగు దించింది. బుడిపెలు నేలకు తగిలి టక్కుమన్నాయి. గొడుగును బ్యాగుకి ఆనించింది. మంచం దగ్గర మోకాళ్ళమీద కూర్చుని, పాప నుదుటిమీద చెయ్యి వేసి, జుట్టు వెనక్కి నిమిరింది. పాప నిద్రలోనే ఈగను తోలినట్టు చెయ్యి విదిలించింది. ఆ అమ్మాయి మళ్ళీ నిమిరింది.

నేను పిచ్చుకను చూశాను. దాని కన్ను కెమెరా దగ్గరే ఉంది. కెమెరా మెల్లగా తిరిగి ఆ చేతి దగ్గర ఆగింది. పిచ్చుక కట్ అనలేదు. గడ్డం మైకు పట్టుకున్న చేతులు నొప్పెట్టి మార్చుకున్నాడు, అప్పటికీ అనలేదు. బయట వాన పడుతూనే ఉంది. పొడుగమ్మాయి ఏం చెయ్యాలో తెలియక, నిమురుతూనే ఉంది.

"కట్" అంది చాలాసేపటికి. ఆ గొంతు నాలుగేళ్ళప్పటిది.

కుర్చీలో నర్సు సన్నగా గురక పెడుతోంది.

"ఇది వాడలేను" అంది పిచ్చుక, నాతోనే.

"తెలుసు."

"జరిగింది కాదు."

"కాదు."

"ఇంకొకటి తీద్దాం. పాప లేచేలోపు."

మూడోసారి నేను పక్కకు జరగలేదు. ఎలా నిలబడ్డానో నాకే తెలీదు. నా వెనక పిచ్చుక ఉంది, మంచమంత ఎత్తులో. దానికి కావాల్సింది ఇప్పుడు నేను తప్పుకోవడం కాదు, అప్పుడు తప్పుకోలేదని చూడటం. అదొక్కటే అనుకుంటూ నిలబడ్డాను. నీలం స్వెటర్ నా భుజం మీదుగా చూసింది. బ్యాగు పట్టుకున్న చెయ్యి కొంచెం పైకి లేచింది, బరువు చూసుకున్నట్టు. అలా చెయ్యమని ఆ అమ్మాయికి ఎవరూ చెప్పలేదు. తర్వాత వెనక్కి తిరిగింది. హాలు దాటింది. వీధి తలుపు తెరుచుకుంది, గొడుగు విచ్చుకున్న చప్పుడైంది, వాన చప్పుడు కొంచెం పెరిగి మళ్ళీ తగ్గింది.

నలభై సెకన్లు. కట్ అన్నాక కూడా నా వేళ్ళు ద్వారబంధం మీంచి రాలేదు. గడ్డం వచ్చి ఒక్కొక్కటీ విడిపించాడు.

సాయంత్రానికి నీలం గుడ్డ విప్పేశారు, గొట్టం చుట్టేశారు. పొడుగమ్మాయి వెళ్తూ నా చేతులు రెండూ పట్టుకుని, "వెళ్ళొస్తాను అమ్మమ్మగారూ" అంది. చేరాక ఫోన్ చెయ్యమన్నాను. వాళ్ళిద్దరూ మలుపు తిరిగేదాకా తలుపు దగ్గరే ఉన్నాను.

పిచ్చుక నాతో మాట్లాడలేదు. కెమెరా తుడిచి పెట్టెలో పెట్టుకుంటోంది. నేను బల్ల దగ్గర కూర్చుని నోటుబుక్కు పూర్తి చేస్తున్నాను. టేకు ఒకటి: ముసలావిడ కదిలింది, పనికిరాదు. టేకు మూడు: కుడిచేతిలో బ్యాగు, ఎడమచేతిలో గొడుగు, ముసలావిడ కదల్లేదు, ఓకే. మధ్యలో ఒక గీత ఖాళీగా వదిలేశాను.

టీ పెట్టి దాని పక్కన పెట్టాను. తాగలేదు. చల్లారిపోయింది. తీసుకెళ్ళి మళ్ళీ వేడి చేసి తెచ్చాను. ఈసారి కప్పు అందుకుంది, అందుకుని నా వెనక నిలబడి నోటుబుక్కులోకి చూసింది.

"రెండో టేకుకి ఏం రాయలేదు."

"వాడవు కదా అని."

"వాడినా వాడకపోయినా తీసిందంతా రాయాలి." కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. మధ్యాహ్నం నుంచి అంత దగ్గరగా రాలేదు. నావైపు చూడలేదు, ఆ ఖాళీ గీత మీద వేలు పెట్టింది. "రాయి. బ్యాగు ఎక్కడ పెట్టింది?"

"గుమ్మం దాటగానే, కుడిపక్క."

"గొడుగు?"

"బ్యాగుకి ఆనించింది."

"ఏ చేత్తో?"

"నిమిరిందా? కుడిచేత్తో."

"ఎటు నుంచి ఎటు?"

దాని వేలు ఇంకా ఆ గీత మీదే ఉంది.

"నుదుటి నుంచి వెనక్కి" అన్నాను.

"ఎన్నిసార్లు?"

"లెక్కపెట్టలేదే. చాలాసార్లు."

"చాలాసార్లు అనే రాయి" అంది. "కుదురుగా రాయి, నీ అక్షరాలు మాస్టారికి అర్థం కావు."